నలుపుకో మైనం, తెలుపుకో మైనమా?

కారు రంగులకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఏ కారుకు ఏ వ్యాక్స్ వాడాలన్న ప్రశ్నకు జవాబు ఆ చరిత్రలోనే ఉంది.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడున్న పసుపురంగు రోల్స్‌రాయిస్ ముందు ఆగకుండా కదలరు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. బాడీ కట్టింది లండన్‌కు చెందిన బార్కర్ కంపెనీ. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో ఆర్డరిచ్చిన కారనీ, 1911లో ఆయన కన్నుమూయడంతో ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చిందనీ చెబుతారు. ఆ పసుపును చూసి మురిసిపోయినవాళ్లు బయటికొచ్చి పార్కింగ్‌లో తమ కారెక్కుతారు. అక్కడ తెల్ల హ్యాచ్‌బ్యాక్ ఉంటుంది, నల్ల ఎస్‌యూవీ ఉంటుంది, బూడిదరంగులో మెరుపే లేని మ్యాట్ కారూ ఒకటి ఉండొచ్చు. అన్నీ కార్లే, అన్నిటికీ రంగులున్నాయి. కానీ ఆ రోల్స్‌రాయిస్ పుట్టిన కాలానికీ ఈ కార్ల కాలానికీ మధ్య పెయింటు మూడు నాలుగు జన్మలెత్తింది.

ఈ సంగతి తెలియకుండా యాక్సెసరీస్ షాపుకు వెళితే తికమక తప్పదు. ఒక డబ్బా మీద ‘నల్ల కార్లకు’ అని ఉంటుంది, ఇంకోదాని మీద ‘తెల్ల కార్లకు’ అని. మరోటి ‘అన్ని రంగులకూ’ అంటుంది. వందల్లో దొరికేవి ఉన్నాయి, వేలు పలికేవీ ఉన్నాయి. మన కారు రంగేమిటో చూసి డబ్బా తీసుకోవడం సహజం. అసలు చూడాల్సింది మాత్రం మన కారు మీదున్న పెయింటు ఏ తరానిది, దాని పైపొర ఎలాంటిది అన్నది. రంగు సంగతి ఆ తర్వాత.

వార్నిషు రోజులు

మొట్టమొదటి కార్లకు రంగులేసింది గుర్రపు బగ్గీలకు రంగులేసిన పనివాళ్లే. పద్ధతీ వాళ్లదే. ముందు ప్రైమరు, దాని మీద లప్పం, నున్నగా అరగదీత. తర్వాత రంగు, మళ్లీ అరగదీత, మళ్లీ రంగు. చిట్టచివర వార్నిషు. అంతా బ్రష్షు పనే. అవిసె నూనె ఆధారంగా చేసిన ఆ పూతల్లో ఒక్కో పొర ఆరడానికి రోజులు పట్టేది. మొత్తం మీద ఒక కారు రంగుల షెడ్డులోంచి బయటపడేసరికి వారాలు గడిచేవి. ఆరుతున్న వార్నిషు మీద దుమ్ము పడిందంటే ఆ పొరను అరగదీసి మళ్లీ వేయాల్సిందే. అందుకే తలుపులు మూసి, నేల తడిపి, ఊపిరి బిగబట్టినట్టు పనిచేసేవారు.

అంత శ్రమపడి తెచ్చిన మెరుపు సుకుమారమైనది. బగ్గీని గుర్రపుశాల పక్కన పెట్టొద్దని, అక్కడి అమ్మోనియా ఘాటుకు వార్నిషు చెడిపోతుందని తయారీదారులు హెచ్చరించేవారు. చన్నీళ్లతో కడగాలి, మెత్తని షామీ తోలుతో తడి అద్దాలి, ఏడాదికోసారి మళ్లీ వార్నిషు వేయించుకోవాలి. ఆ కాలపు సంపన్నుల ఇళ్లలో కారు బాగోగులంటే ఇవే. అప్పట్లో మైనానికి ఇంకా పెద్ద పీట లేదు. మెరుపు తగ్గితే మందు మళ్లీ వార్నిషే.

పన్నెండేళ్ల నలుపు

ఈ నెమ్మది పని హెన్రీ ఫోర్డ్ వేగానికి సరిపడలేదు. 1908లో వచ్చిన మోడల్ టీ తొలినాళ్లలో బూడిద, ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగుల్లో దొరికేది. అసెంబ్లీ లైను ఊపందుకున్నాక, 1914 నుంచి 1925 దాకా నలుపు ఒక్కటే మిగిలింది. కారణం ఫోర్డ్‌గారి అభిరుచి కాదు, రసాయనం. అప్పటి నల్ల జపాన్ ఎనామెల్‌లో ఖనిజ తారు కలిసేది. బట్టీలో పెట్టి కాలిస్తే త్వరగా గట్టిపడేది, రాపిడికి తట్టుకునేది, చవక కూడా. కానీ తారు కలిసిన పూత నలుపు తప్ప మరో రంగులోకి రాదు. 1927లో ఉత్పత్తి ఆగేనాటికి కోటిన్నర మోడల్ టీలు తయారయ్యాయి. వాటిలో అత్యధికం నల్లవే.

ఆ కార్లను కొన్నవాళ్లకు బగ్గీ పెయింటర్లను పిలిపించుకునే స్తోమత లేదు. కారు వీధిలో ఎండకు ఎండి, వానకు తడిసేది. మెరుపు తగ్గితే సొంతంగా ఏదైనా పూసుకోవాల్సిందే. సరిగ్గా ఆ రోజుల్లో, 1910లో, షికాగోలో సైమనైజ్ అనే కారు పాలిష్ కంపెనీ మొదలైంది. ఇండియానాలో ఫ్రాంక్ మెగ్వయర్ అప్పటికి తొమ్మిదేళ్ల ముందే ఫర్నిచర్ పాలిష్ చేయడం మొదలుపెట్టాడు. కార్ల బాడీల్లో కలప, వార్నిషు ఉన్నంతకాలం బల్లకు పనికొచ్చిన పాలిష్ కారుకూ పనికొచ్చింది. కారు వ్యాక్స్‌కు పుట్టిల్లు గ్యారేజీ కన్నా ముందు ఇంటి హాలు అన్నమాట.

డ్యూకో తెచ్చిన రంగుల పండగ

మలుపు తిప్పింది డ్యూపాంట్ కంపెనీ. అప్పటి సినిమా ఫిల్ములో వాడిన నైట్రోసెల్యులోజ్ మీద న్యూజెర్సీలోని పార్లిన్‌లో ప్రయోగాలు చేస్తున్నప్పుడు, 1920 వేసవిలో, పక్కన ఉండిపోయిన ఒక పీపాలోని చిక్కటి ద్రావణం ఊహించని విధంగా పల్చబడిపోయింది. పల్చగా ఉంటూనే ఎక్కువ రంగును మోయగల లాకర్‌కు దారి దొరికింది. స్ప్రే గన్‌తో కొడితే నిమిషాల్లో ఆరిపోయే ఆ పెయింటే డ్యూకో. జనరల్ మోటార్స్ దాన్ని అందిపుచ్చుకుంది. ఆ కంపెనీ 1924 మోడల్ ఓక్లాండ్ కార్లు డ్యూకో నీలంతో మార్కెట్లోకి దిగాయి. వారాల పని గంటల్లోకి వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి జనరల్ మోటార్స్‌లో హార్లీ ఎర్ల్ ఆధ్వర్యంలో రూపురేఖలకూ రంగులకూ ప్రత్యేకంగా ఒక విభాగమే ఏర్పడింది. మన ఊళ్లలో అల్మారాలకూ తలుపులకూ పెయింటర్లు వేసే డ్యూకో ఈ వంశానిదే.

అయితే డ్యూకోకు ఒక లక్షణం ఉంది. గన్ నుంచి వచ్చి ఆరిన లాకర్ మందకొడిగా, మెరుపు లేకుండా ఉంటుంది. దాన్ని రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్ది, పాలిష్ పెడితేనే నిగ్గు తేలుతుంది. రోడ్డెక్కాక ఎండకు పైపొర మళ్లీ పాలిపోయి సుద్దలా అవుతుంది. మళ్లీ రుద్దాలి, మళ్లీ పాలిష్ చేయాలి. పెయింటు అమ్మిన డ్యూపాంటే పాలిష్ సీసా కూడా అమ్మింది. కారున్న ప్రతి ఇంటా ఆదివారం పాలిష్ పని పుట్టింది అప్పుడే.

ఇక్కడ ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. ఆ పెయింటులో రంగే పైపొర. గుడ్డకు కాస్త పాలిష్ అద్ది ఎర్రకారును రుద్దితే గుడ్డ ఎర్రబడేది. నీలం కారును రుద్దితే నీలమయ్యేది. చచ్చిపోయిన పైరంగును తీసేసి, కింద ప్రాణమున్న రంగును బయటికి తేవడం, దాని మీద నూనె, మైనం పట్టించి గాలికీ నీటికీ అడ్డుకట్ట వేయడం అప్పటి పద్ధతి. ఎండకు ఒక్కో రంగు ఒక్కోలా స్పందించేది. కొన్ని ఎరుపులు గులాబీగా పాలిపోయేవి. తెలుపులో వాడే టైటానియం డయాక్సైడ్ తొలి రకాలు ఎండ తగిలితే పెయింటులోని జిగురును తినేసి సుద్ద రాల్చేవి. కాబట్టి ‘ఈ రంగుకు ఈ పాలిష్’ అనడానికి ఆ రోజుల్లో గట్టి ఆధారమే ఉంది.

ఎడారి అంచున ఒక చెట్టు

ఈ కథలో మైనం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. తేనెమైనం అనాదిగా ఉన్నదే. కానీ అది 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగిపోతుంది. ఎండలో నిలబడే ఇనుప రేకు మీద అది ఎక్కువకాలం నిలవదు. అంతకన్నా గట్టి మైనం బ్రెజిల్ ఈశాన్యంలో దొరికింది. అక్కడి సియారా, పియావీ, రియో గ్రాండే దో నోర్తే రాష్ట్రాల్లో కార్నౌబా అనే తాటిజాతి చెట్టు పెరుగుతుంది. దాని శాస్త్రీయ నామం కోపర్నీసియా ప్రూనిఫెరా. ఖగోళ శాస్త్రవేత్త కోపర్నికస్ పేరు పెట్టారు. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉన్న ఆ నేలలో నీరు ఆవిరైపోకుండా చెట్టు తన ఆకుల మీద మైనం పూసుకుంటుంది. కరిగే ఉష్ణోగ్రత 82 నుంచి 86 డిగ్రీలు. ప్రకృతిలో దొరికే మైనాల్లో ఇంత గట్టివి అరుదు.

కోత పొడి నెలల్లో, ఏడాది ద్వితీయార్ధంలో సాగుతుంది. పొడవాటి గడకర్ర చివర కొడవలి కట్టి, కింద నిలబడి తల పైకెత్తి ఆకులు కోస్తారు. విసనకర్రల్లా విచ్చుకున్న ఆ ఆకులు దబదబా కింద పడుతుంటే మరికొందరు ఏరి, కట్టలు కట్టి, ఎండలో పరుస్తారు. ఆకు ఎండి ముడుచుకునేకొద్దీ దాని మీది మైనం పెళుసెక్కి పొడిగా విడిపోతుంది. ఆకుల్ని చీల్చి, కొట్టి, ఆ పొడి రాలుస్తారు. దాన్ని కరిగించి, వడకట్టి, గడ్డకట్టాక ముక్కలు చేస్తారు. ఇంకా విచ్చుకోని లేత మొవ్వు నుంచి వచ్చే మైనం లేత పసుపుగా ఉంటుంది, ధర ఎక్కువ. ముదురాకు మైనం రంగు ముదురు, ధర తక్కువ. కారు వ్యాక్స్ డబ్బాల్లో మేలురకంగా చెప్పేది ఆ లేత పసుపు మైనాన్నే. మిఠాయిలకూ మందుబిళ్లలకూ మెరుపు తెచ్చేది కూడా ఈ చెట్టే.

అమెరికాలోని రేసిన్ పట్టణంలో 1886లో చెక్క ఫ్లోరింగ్ వ్యాపారంతో మొదలైన జాన్సన్ కంపెనీ, నేల మెరిసేందుకు వ్యాక్స్ అమ్మి పెద్దదైంది. ఈ చెట్టు మైనం మీదే తన వ్యాపారం నిలబడి ఉందని గ్రహించిన హెచ్.ఎఫ్. జాన్సన్ జూనియర్, 1935లో నేల మీదా నీటి మీదా దిగగల సికోర్‌స్కీ విమానానికి ‘కార్నౌబా’ అని పేరు పెట్టి, దాంట్లో బ్రెజిల్‌కు వెళ్లాడు. చెట్లు ఎన్నాళ్లు సరిపోతాయో, సాగు చేయవచ్చో లేదో తెలుసుకోవడం ఆ ప్రయాణం ఉద్దేశం. 1998లో ఆయన కొడుకు శామ్ జాన్సన్ అలాంటి విమానాన్నే కట్టించుకుని తండ్రి వెళ్లిన దారిలో మళ్లీ ఎగిరాడు.

చెట్టు కింద నిలబడ్డవాళ్ల కథ మాత్రం ఇంత వైభవంగా లేదు. కార్నౌబా కోతల్లో వెట్టిచాకిరీని తలపించే పరిస్థితుల్లో మగ్గుతున్న కూలీలను బ్రెజిల్ కార్మిక శాఖ తనిఖీ బృందాలు పలుమార్లు విడిపించాయి. తాగునీరు, మరుగుదొడ్డి కూడా లేని చోట్ల వాళ్లు పనిచేశారు. మన బానెట్ మీది మెరుపు వెనక ఆ చేతులున్నాయి. మైనం ఎక్కడి నుంచి, ఎలా సేకరించిందో చెప్పే కంపెనీకి ఓటు వేయడం కొనేవాళ్ల చేతిలో ఉన్న పని. అది మనం చేయాలి.

స్టేడియం పార్కింగ్‌లో ఒక పక్క మెరుపు

సైమనైజ్ పుట్టిన షికాగోకే చెందిన బెన్ హిర్ష్ 1940ల మొదట్లో చిన్న పెట్టుబడితో ‘ప్లాస్టోన్’ అనే పాలిష్ తయారుచేయడం మొదలుపెట్టాడు. బేస్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే బయట పార్క్ చేసిన కార్లకు ఒక్క మడ్‌గార్డు మాత్రం పాలిష్ చేసి, యజమానులు వచ్చేదాకా అక్కడే నిలబడేవాడని కంపెనీవాళ్లు చెప్పుకుంటారు. ఒక పక్క తళతళ, మిగతా కారంతా మసక. ఆ తేడా చూసినవాడు సీసా కొనకుండా పోడు. విస్కాన్సిన్‌లోని టర్టిల్ క్రీక్ అనే వాగు పేరు మీద ఆ కంపెనీ తర్వాత టర్టిల్ వాక్స్ అయింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాలిష్‌లలోకి సిలికాన్ వచ్చింది. చెట్టు మైనాన్ని తుడవాలంటే చేతులు నొప్పి పుట్టేవి. సిలికాన్ కలిసిన ద్రవం అలా రాసి ఇలా తుడిస్తే చాలు, అద్దంలా నునుపు వచ్చేది. పెయింటర్లకు మాత్రం అది తలనొప్పి. సిలికాన్ అవశేషం ఉన్న రేకు మీద కొత్త పెయింటు కొడితే అక్కడక్కడా గుండ్రంగా విడిపోయి చేపకళ్లలాంటి గుంటలు పడతాయి. మన టింకరింగ్ షెడ్డుల్లో పెయింటింగ్ జరిగే చోట సిలికాన్ పాలిష్ సీసా మూత తీయనివ్వని పెయింటర్లు అందుకే ఉన్నారు. కారు మళ్లీ పెయింటింగ్‌కు ఇవ్వబోతుంటే ఏం పూశామో ముందే చెప్పాలి. వాళ్లు ద్రావణంతో శుభ్రంగా తుడిచి మొదలుపెడతారు.

రంగు కిందికి దిగిపోయింది

మెటాలిక్ రంగులు 1930ల్లోనే వచ్చాయి. తొలినాళ్లలో ఆ తళుకు కోసం చేప పొలుసుల నుంచి తీసిన పదార్థం వాడారు. అది ఖరీదు వ్యవహారం కావడంతో అల్యూమినియం రేణువులు వచ్చాయి. ఆ రేణువులు రంగుతో పాటే పైపొరలో ఉండటంతో ఎండకూ వానకూ మసకబారేవి. పాలిష్ చేస్తే రేణువులే అరిగిపోయేవి. దీనికి విరుగుడుగా రంగు మీద రంగులేని పారదర్శకమైన పొర వేయడం మొదలైంది. అదే క్లియర్‌కోట్. 1970ల చివర, 1980ల్లో అది కార్ల పరిశ్రమంతటా పాకింది. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే కొత్త కార్లలో దాదాపు అన్నిటికీ ఉన్నది ఇదే.

గోడ మీది ఫొటోకు అద్దం బిగించినట్టు, రంగు లోపలికి పోయింది. ఆ అద్దం మందం 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుక మందం కన్నా తక్కువ. ఎండలోని అతినీల లోహిత కిరణాలను ఆపే రసాయనాలు దాంట్లోనే ఉంటాయి. మనం పూసే వ్యాక్స్ ఆ పొరకే తాకుతుంది, కింద ఉన్నది నలుపో తెలుపో దానికి అనవసరం. ఈ ఒక్క మార్పుతో పాత సలహాల్లో సగానికి కాలం చెల్లింది. గరుకు కాంపౌండ్‌తో ప్రతి నెలా రుద్దడం ఒకప్పుడు సంరక్షణ. ఇప్పుడు అది ఆ పలచటి పొరను అరగదీసుకోవడమే. క్లియర్‌కోట్ ఒకసారి లేచిపోయిందంటే ఏ వ్యాక్సూ దాన్ని అతికించలేదు. పెయింటింగే గతి.

మీ కారు ఏ తరానిదో తేల్చుకోవడం సులువు. పాత అంబాసిడర్, పద్మిని, తొలినాళ్ల మారుతి 800, లేదా బయట షెడ్డులో మళ్లీ రంగు వేయించిన కారు అయితే, డోరు కింది మూల ఎవరి కంటా పడని చోట తెల్ల గుడ్డకు కాస్త పాలిష్ అద్ది రుద్దండి. గుడ్డకు రంగు అంటితే ఒకే పొర పెయింటు. అంటకపోతే క్లియర్‌కోట్. ఒకే పొర పెయింటు పాలిపోయి ఉంటే ముందు మృదువైన పాలిష్‌తో చచ్చిన రంగు తీసి, ఆ తర్వాత నూనె పాలు ఎక్కువున్న కార్నౌబా మైనం పట్టించాలి. పాత పెయింటు ఆ నూనెను పీల్చుకుని నిండుగా కనిపిస్తుంది. క్లియర్‌కోట్ అయితే కార్నౌబా అయినా, మైనానికి బదులు పాలిమర్లతో చేసే సింథటిక్ సీలెంట్ అయినా మీ ఇష్టం.

అయినా రంగుకు చోటుంది

మరి నల్ల కారుకు వేరే వ్యాక్స్ ఎందుకు అమ్ముతున్నారు? రసాయనపరంగా తేడా చిన్నది. కంటికి కనిపించే తేడా పెద్దది. దానికి కారణం కాంతి.

నల్లరంగు తన మీద పడ్డ వెలుగును దాదాపు మింగేస్తుంది. అద్దంలా నున్నగా ఉన్న పైపొర మాత్రమే వెలుగును తిప్పి పంపుతుంది. ఆ పొర మీద సన్నని గీత పడితే, దాని అంచున వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. చుట్టూ చీకటి కాబట్టి దాచుకోవడానికి చోటు లేదు. రాత్రి పెట్రోల్ బంకు లైట్ల కింద నల్ల కారు బానెట్ చూడండి. లైటు ప్రతిబింబం చుట్టూ వలయాలు వలయాలుగా గీతలు కనపడతాయి. దుమ్ము మీద పొడిగుడ్డతో తుడిచిన ప్రతి ఉదయం అక్కడ రాసిపెట్టి ఉంటుంది. తెల్లకారు మీద కూడా అన్నే గీతలుంటాయి. కానీ తెల్లరంగు వెలుగును ఎలాగూ అన్ని వైపులకూ వెదజల్లుతుంది, ఆ వెలుగులో గీత కలిసిపోతుంది.

అందువల్ల నలుపు, ముదురు నీలం, ముదురు ఎరుపు కార్లకు గీతల్లో నిండే గుణం ఎక్కువున్న, నూనె పాలున్న మెత్తని వ్యాక్స్ నప్పుతుంది. గీత నిండితే వెలుగు చెదరదు, నలుపు లోతుగా కనిపిస్తుంది. నల్లరంగు కలిపిన వ్యాక్స్‌లు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. సన్నని గీతల్నీ, రాయి తగిలి లేచిన చిన్న చుక్కల్నీ కొన్నాళ్లు కప్పిపెడతాయి. కడిగేకొద్దీ పోతాయి. గీత నిజంగా పోవాలంటే సన్నరకం పాలిష్‌తో ఒకసారి మెషీన్ పని చేయించుకోవాల్సిందే. తెల్లగా ఆరే వ్యాక్స్‌తో ఇంకో చిక్కుంది. నల్ల బంపర్ అంచులకూ రబ్బరు బీడింగులకూ అంటుకుంటే తెల్ల మరకలై మిగిలిపోతుంది. ప్లాస్టిక్ క్లాడింగ్ ఎక్కువున్న ఎస్‌యూవీలకు పారదర్శకంగా ఆరే రకం మేలు, లేదంటే అంచులకు టేపు వేసి పని మొదలుపెట్టాలి.

తెల్లకారుకు గీతల బాధ తక్కువ, మురికి బాధ ఎక్కువ. తారు చుక్కలు, బ్రేకుల నుంచి ఎగిరే ఇనుప రజను తుప్పుపట్టి వేసే గోధుమరంగు చుక్కలు తెలుపు మీద ఇట్టే బయటపడతాయి. వాటి మీదే వ్యాక్స్ పూస్తే మురికిని మైనం కింద దాచినట్టే. ముందు కడిగి, తారు తీసి, చేత్తో తడిమితే గరుకు తగలనంతవరకు శుభ్రం చేయాలి. ఆ తర్వాత లోతు తెచ్చే వ్యాక్స్ కోసం డబ్బు పోయనక్కర్లేదు. మురికిని అంటనివ్వని, ఎక్కువకాలం నిలిచే సింథటిక్ సీలెంట్ చాలు. శుభ్రపరిచే గుణం కూడా ఉన్న క్లీనర్ వ్యాక్స్ పాత తెల్లకార్లకు బాగా పనికొస్తుంది.

వెండి, బూడిదరంగు లాంటి మెటాలిక్, పెరల్ రంగుల అందం లోపలి రేణువులది. పైపొర ఎంత తేటగా ఉంటే తళుకు అంత బయటికి వస్తుంది. వీటికి మందంగా పూసిన మైనం కన్నా పలచగా, తేటగా ఉండే సీలెంట్ ఎక్కువ నప్పుతుందన్నది పాలిష్ పని చేసేవాళ్లలో బలంగా ఉన్న మాట. ఎరుపు విషయంలో రెండు దారులు. క్లియర్‌కోట్ ఉన్న ఎరుపును ముదురు రంగుల్లో కలిపి చూడొచ్చు. ఒకే పొర ఎరుపైతే ఎండకు త్వరగా పాలిపోతుంది కాబట్టి దానికి వ్యాక్స్ వాయిదా వేయకూడదు.

మెరవకూడని కారు

ఇన్ని చెప్పాక ఒక మినహాయింపు. 2021లో కియా సెల్టోస్ ఎక్స్‌లైన్ మ్యాట్ గ్రాఫైట్ రంగులో వచ్చింది. సెల్టోస్ తయారయ్యేది మన పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలోనే. ఆ తర్వాత మరికొన్ని కంపెనీలూ మ్యాట్ కార్లు తెచ్చాయి. మ్యాట్ అంటే క్లియర్‌కోట్ లేకపోవడం కాదు. క్లియర్‌కోట్‌నే కావాలని సూక్ష్మంగా ఎగుడుదిగుడుగా ఉండేలా చేస్తారు, వెలుగు అన్ని వైపులకూ చెదిరిపోయేలా. మామూలు వ్యాక్స్ ఆ గుంటల్లో నిండిందంటే అక్కడక్కడా మెరుపు మచ్చలు తేలతాయి. పాలిష్ పెడితే ఎత్తులు అరిగి ఆ చోటు శాశ్వతంగా మెరుస్తుంది, దాన్ని సరిచేసే మార్గం మళ్లీ పెయింటింగే. మ్యాట్ కారుకు వ్యాక్స్ వద్దు, పాలిష్ వద్దు, బ్రష్షులు తిరిగే ఆటోమేటిక్ వాష్ వద్దు. మ్యాట్ కోసమే చేసిన షాంపూ, మ్యాట్ సీలెంట్ వాడాలి. పిట్ట రెట్ట పడితే సాయంత్రం దాకా ఆగకుండా నీళ్లతో నాననిచ్చి తీసేయాలి.

మన ఎండ, మన బోరు నీళ్లు

కార్నౌబా 82 డిగ్రీల దాకా కరగదని చెప్పుకున్నాం. డబ్బాలో ఉన్నది అచ్చమైన కార్నౌబా కాదు. అచ్చమైనది గోరు దిగనంత గట్టిగా ఉంటుంది, దాన్ని పూయలేం. నూనెలు, ద్రావకాలు, తేనెమైనం వంటివి కలిపితేనే అది గుడ్డకు అంటుతుంది. ఆ మిశ్రమం అచ్చమైన మైనం కన్నా ముందే మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో ఆరుబయట నిలిపిన నల్ల కారు బానెట్ మీద చెయ్యి ఆన్చలేం. అలాంటి చోట మైనం నిలిచేది కొన్ని వారాలే. పాలిమర్ సీలెంట్లు కొన్ని నెలలు ఉంటాయి. సిలికా ఆధారంగా చేసే సిరామిక్ కోటింగులు ఇంకా ఎక్కువకాలం నిలుస్తాయి, కానీ వాటి కింద గీతలుంటే అవీ అలాగే మిగిలిపోతాయి. నీడ ఉన్నవాళ్లకు కార్నౌబా ముచ్చట. రోజంతా ఎండలో కారు పెట్టేవాళ్లకు సీలెంటే తెలివైన ఎంపిక.

బోరు నీళ్ల సంగతి మరిచిపోకూడదు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న ఆ నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే బొట్టు ఆరిన చోట తెల్ల వలయం మిగులుతుంది. అలాగే వదిలేస్తే క్లియర్‌కోట్‌లోకి దిగుతుంది. వ్యాక్స్ ఉన్న పొర మీద నీళ్లు బొట్లుగా నిలబడతాయి. చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ, ఆ బొట్లు తుడవకపోతే మరకలకు అవే మూలం. వ్యాక్స్ పూసినంత మాత్రాన కడిగాక తుడిచే పని తప్పదు. ముదురు రంగుల మీద ఈ మరకలు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

పూసే పద్ధతి అన్ని రంగులకూ ఒకటే. నీడలో, రేకు చల్లబడ్డాక మొదలుపెట్టాలి. ఒకసారికి ఒక డోరో, సగం బానెట్టో చాలు. ఎంత పలచగా పూస్తే అంత మంచిది. మందంగా పూసిందంతా గుడ్డకే పోతుంది. మసకగా ఆరాక వేలితో ఒక గీత గీసి చూడాలి. వేలి దారి తేటగా కనిపిస్తే తుడవొచ్చు, అంటుకుని అలికినట్టయితే ఇంకాసేపు ఆగాలి.

డబ్బా చేతిలోకి తీసుకునే ముందు

షాపులో వేసుకోవాల్సిన ప్రశ్నలకు ఒక వరస ఉంది. నా కారు పైపొర మ్యాటా, మెరిసేదా? మెరిసేదైతే క్లియర్‌కోట్ ఉందా, ఒకే పొర రంగా? కారు రోజంతా ఎక్కడ నిలబడుతుంది? ఈ మూడూ తేలాక నాలుగోది రంగు. అది మన కంటికి ఏ లోపం ముందు కనిపిస్తుందో చెబుతుంది. నలుపైతే గీత, తెలుపైతే మచ్చ, వెండిరంగైతే మసక. ఆ లోపాన్ని తగ్గించే వ్యాక్స్ మీకు కావాల్సిన వ్యాక్స్. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న రంగు పేరు కన్నా చిన్నక్షరాల్లో ‘క్లియర్‌కోట్‌కు సురక్షితం’ అని ఉందో లేదో చూడటం ముఖ్యం. ఖరీదైన డబ్బాకూ మధ్యరకానికీ మధ్య తేడా చాలామంది కళ్లకు ఆనదు. మిగిలిన డబ్బుతో మెత్తని మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, కడగడానికి రెండు బకెట్లు కొనుక్కోండి. దుమ్మును పొడిగుడ్డతో తుడిచే అలవాటు ఒక్కటి మానేస్తే, ముఖ్యంగా నల్ల కారున్న ఇంట్లో, ఏ వ్యాక్సూ ఇవ్వలేనంత మెరుపు ఏళ్ల తరబడి నిలుస్తుంది.